ఆర్‌సీ టూరింగ్ కారు ఒకవైపే బాగా తిరుగుతోందా? చాసిస్‌నీ స్టీరింగ్‌నీ సరిచేసుకునే పద్ధతి

"ఎడమకి చక్కగా తిరుగుతోందండీ, కుడికి మాత్రం ముక్కు బయటికే పోతోంది. ఏ స్ప్రింగ్ వేయమంటారు?" ఆర్‌సీ (రేడియో రిమోట్‌తో నడిపే బుల్లి) టూరింగ్ కార్ల గురించి ఈ ప్రశ్న రాని వారం ఉండదు. ట్రాక్ దగ్గర కలిసినవాళ్లు అడుగుతారు, వీడియో తీసి పంపి మరీ అడుగుతారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను: ఏ స్ప్రింగూ మార్చొద్దు. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్లలోని ఆయిలు, క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం) మారిస్తే తేడా రెండు వైపులా ఒకేలా వస్తుంది. మీ కారు ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా నడుస్తోందంటే అందులో ఎక్కడో ఎడమకీ కుడికీ పొత్తు లేదు. దాన్నే మనవాళ్లు ట్వీక్ అంటారు. అది పోయేదాకా చేసే సెటప్ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

టూరింగ్ కార్ల డిజైన్ మారిన తీరు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. 20 ఏళ్ల కిందటి కార్లలో ఆరు సెల్లుల బ్యాటరీ ఒక పక్క ఉండేది, మోటారు మరో పక్క. సర్వోని (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారుని) చాసిస్ కింది ప్లేటుకి ఒకవైపు రెండు చోట్ల గట్టిగా బిగించేవారు. పైన వెడల్పాటి టాప్ డెక్, అంటే పై ప్లేటు. సర్వో ఉన్న పక్క ప్లేటు బిర్రుగా ఉండేది, రెండో పక్క వంగేది. అందుకే కుడి మలుపు ఒక కారు, ఎడమ మలుపు ఇంకో కారు అన్నట్టుండేది. తర్వాత టాప్ డెక్ సన్నబడి వెన్నెముకలా మధ్యగీత మీదికి వచ్చింది. సర్వో మౌంటుని మధ్యగీత దగ్గర మాత్రమే పట్టి, మిగతా భాగం ప్లేటుకి తగలకుండా వదిలేశారు. ఫ్లోటింగ్ సర్వో మౌంట్ అంటే అదే. చాసిస్ రెండు వైపులా ఒకే తీరుగా వంగాలన్నదే ఈ మార్పుల ఉద్దేశం. డిజైనర్లు అంత కష్టపడి తెచ్చిన ఆ పొత్తుని మనం బ్యాటరీ టేపుతోనో, నలిగిన వైరుతోనో పాడుచేసుకుంటున్నాం.

కింద చెప్పేదంతా 1/10 (అసలు కారులో పదో వంతు) ఎలక్ట్రిక్ టూరింగ్ కార్ల గురించి. అంటే 190 మి.మీ. వెడల్పు, సుమారు 257 మి.మీ. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం), కార్బన్ లేదా అల్యూమినియం ప్లేటు ఉన్నవి. టామియా టీటీ-02 లాంటి ప్లాస్టిక్ టబ్ (తొట్టిలాంటి) చాసిస్ ఉన్నవాళ్లకు 2వ మెట్టు అక్కర్లేదు, మిగతావాటిలో మీ కారులో ఉన్న భాగాలకి సంబంధించినవి వర్తిస్తాయి. వాటిలో చాలావాటికి షాక్ కాలర్ల (స్ప్రింగుని బిగించే మరలాంటి రింగుల) బదులు క్లిప్ స్పేసర్లు ఉంటాయి. స్టీరింగ్‌లో వదులు కూడా ఎక్కువ. 6వ మెట్టుకి వెళ్లేముందు స్టీరింగ్ ఆర్మ్‌లకు బేరింగులు వేయించుకుంటే సగం బాధ తీరుతుంది.

కావలసినవి

- చదునైన పలక. ఖరీదైన సెటప్ బోర్డే కావాలని లేదు. కిచెన్ ప్లాట్‌ఫారాలు కోసే గ్రానైట్ షాపులో 50×30 సెం.మీ. ముక్క అడగండి, తక్కువకే ఇస్తారు. నాది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ముక్క, ఆరేళ్లుగా అదే వాడుతున్నాను. స్టీల్ స్కేలు అంచు నిలబెట్టి, వెనక ఫోన్ లైటు పెట్టి చూడండి. కింద నుంచి వెలుగు రాకపోతే పలక మంచిదే. నేల మీది టైల్స్‌ని మాత్రం నమ్మొద్దు.
- చిన్న రసమట్టం. పలక కింద అట్టముక్కలు పెట్టి రెండు దిక్కులా మట్టం చేయండి.
- వర్నియర్ కాలిపర్, రైడ్ హైట్ (నేల నుంచి చాసిస్ ఎత్తు) గేజ్, డ్రూప్ (సస్పెన్షన్ కిందికి ఎంత దిగుతుందో) గేజ్, క్యాంబర్ గేజ్.
- 1.5, 2.0, 2.5 మి.మీ. హెక్స్ డ్రైవర్లు. వీటి దగ్గర మాత్రం పొదుపు చేయకండి. అరిగిన మొన ఒక్క స్క్రూ తల పాడుచేస్తే సాయంత్రమంతా పోతుంది.
- 0.25, 0.5, 1 మి.మీ. షిమ్‌లు (పలుచని వాషర్లు). 5 గ్రాముల అంటించే బరువులు. నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు).
- రెండు 30 సెం.మీ. స్టీల్ స్కేళ్లు, సుద్దముక్క, ఒక నోటుబుక్కు.

కారు విప్పే ముందు ఐదు నిమిషాల పరీక్ష

ముందు టైర్లని ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మార్చి రెండు ల్యాప్‌లు నడపండి. జబ్బు కూడా అటు నుంచి ఇటు మారితే తప్పు టైర్లదే, చాసిస్ జోలికి పోనక్కర్లేదు. గడియారం ముల్లు తిరిగే దిశలో నడిచే ట్రాక్‌లో ఎడమ టైర్ల మీదే భారం ఎక్కువ పడుతుంది, అవే ముందు అరుగుతాయి. చాలామంది కారు మొత్తం విప్పాక గానీ ఈ పని చేయరు.

తర్వాత షెల్ (పై బాడీ) తీసి లోపలి అంచులు చూడండి. టైరు రాసుకున్న నల్లటి చార ఒకవైపే కనిపిస్తే అక్కడ కత్తిరించి మళ్లీ నడపండి.

1. కారుని ఖాళీ చేయండి

చక్రాలు, బ్యాటరీ, నాలుగు షాక్‌లు తీసేయండి. యాంటీ రోల్ బార్ల (కారు పక్కకి వాలకుండా ఎడమ కుడి సస్పెన్షన్‌ని కలిపే కడ్డీల) లింకులు ఊడదీయండి. ఇప్పుడు ఒక్కో ఆర్మ్‌నీ (చక్రాన్ని చాసిస్‌కి కలిపే చేతిని) పైకెత్తి వదలండి. దాని బరువుకి అదే కిందికి జారాలి. మధ్యలో ఆగినా, తోస్తే తప్ప దిగకపోయినా ఆ మూల సస్పెన్షన్ బిగుసుకుపోయినట్టే. ఎక్కువసార్లు కారణం బాల్ కప్ (లింకు చివర బాల్‌ని పట్టే ప్లాస్టిక్ గిన్నె) బిగుతుగా ఉండటం. కప్పుని బాల్ మీద ఉండగానే ప్లయర్‌తో మెల్లగా ఒకసారి నొక్కి వదిలితే సరిపోతుంది. అప్పటికీ లొంగకపోతే హింజ్ పిన్ (ఆర్మ్ ఊగే ఇరుసు) బయటికి తీసి గాజు మీద దొర్లించండి. వంగిన పిన్ను ఎగురుతూ దొర్లుతుంది.

2. టాప్ డెక్ ఒత్తిడి తీయండి

చిన్న గుద్దుకి కూడా ప్లేట్లు స్క్రూ రంధ్రాల్లో వెంట్రుకవాసి జరుగుతాయి. జరిగిన చోటే బిగిసిపోయి ఉంటాయి. పైకి ఏమీ కనపడదు.

కారుని పలక మీద పెట్టి టాప్ డెక్ స్క్రూలన్నీ అర చుట్టు వదులు చేయండి. వదులు చేసేటప్పుడు వేళ్ల మీద ధ్యాస పెట్టండి. ఏదో ఒక స్క్రూ దగ్గర "టక్" మని చిన్న చప్పుడుతో ప్లేటు కదులుతుంది. ఒత్తిడి పేరుకున్నది అక్కడే. అలాంటి చప్పుడు వస్తే సంతోషించండి, జబ్బు సగం దొరికింది.

తర్వాత చాసిస్ మధ్యలో రెండు వేళ్లతో పలకకి అదిమి పట్టుకుని, మధ్య నుంచి చివరలకి, ఎడమ ఒకటి కుడి ఒకటిగా బిగించుకుంటూ వెళ్లండి. మొదటి రౌండులో ఆనించి వదిలేయండి, రెండో రౌండులో బిగించండి. ఒక చివర నుంచి వరసగా గట్టిగా బిగించుకుంటూ పోతే తీసిన మెలికని మళ్లీ పెట్టినట్టే.

టాప్ డెక్ పూర్తిగా తీసి కింది ప్లేటుని ఒంటరిగా పలక మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కితే దాని సంగతి కూడా తెలుస్తుంది. అల్యూమినియం ప్లేటు వంగితే వంగినట్టే ఉండిపోతుంది. చేత్తో సరిచేయాలని చూడకండి, మార్చేయండి. కార్బన్ వంగి ఉండిపోదు, పొరలు విడిపోతుంది. అంచుల్లో తెల్లటి గీత, మెత్తబడిన మూల కనిపిస్తే ఆ ప్లేటు పని అయిపోయినట్టే.

జాగ్రత్త: అల్యూమినియం భాగాల్లోకి వెళ్లే స్టీలు స్క్రూలకే థ్రెడ్‌లాక్ వేయండి. ప్లాస్టిక్‌కి తగిలితే పగుళ్లు తెస్తుంది. కార్బన్ అంచుని నున్న చేయాలంటే తడి ఎమరీ కాగితంతో, మాస్కు పెట్టుకుని చేయండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

3. తగలకూడనివి తగులుతున్నాయేమో చూడండి

నా మాట వింటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

రెండేళ్ల కిందట నా కారు వరసగా రెండు ఆదివారాలు కుడికి తిరగనని మొండికేసింది. స్ప్రింగులు మార్చాను, రోల్ బార్ మార్చాను, అకర్మన్ (8వ మెట్టులో చెబుతాను) మార్చాను. మూడో వారం టాప్ డెక్ ఎత్తి చూస్తే, సర్వో వైరు డెక్‌కీ సర్వోకీ మధ్య నలిగి ఉంది. వైరు మీది రబ్బరు నొక్కుకుపోయి నిగనిగలాడుతోంది. వైరు మందం మిల్లీమీటరు పైచిలుకు. ఆ కాస్త మందమే సర్వోని టాప్ డెక్‌కి ఆనించి, చాసిస్ ఆ పక్క వంగకుండా పట్టేసింది. వైరు పక్కకి తప్పించాక అదే రోజు కారు రెండు వైపులా సమంగా తిరిగింది. అప్పటి నుంచి ఏం విప్పి బిగించినా ముందు వైర్లే చూస్తాను.

చూడాల్సినవి ఇవీ:

- బ్యాటరీ దాని గూట్లో కాస్త ఆడాలి. హోల్డరుకీ బ్యాటరీకీ మధ్య అర మిల్లీమీటరు సందు చాలు. కదలకూడదని హోల్డర్ నొక్కిపెట్టి బిగిస్తే, గట్టి పెట్టెలాంటి ఆ లైపో ప్యాక్ చాసిస్‌లో ఒక భాగమైపోతుంది, ఆ పక్క వంగదు. టేపు వాడేవాళ్లు కూడా లాగి లాగి అంటించొద్దు.
- ఫ్లోటింగ్ మౌంట్ ఉంటే సర్వో కింద విజిటింగ్ కార్డు దూరి అటూ ఇటూ ఆడాలి. దూరకపోతే మౌంటు కింద పలుచని షిమ్ వేయండి.
- మోటారు నుంచి ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టెకి) వెళ్లే లావు వైర్లు బిగుతుగా లాగినట్టు ఉండకూడదు, కొంచెం వంపు ఉండాలి. టాప్ డెక్ మీదుగా పోయే వైరుని జిప్ టైతో కట్టేయకండి.
- రిసీవర్, ఫ్యాను రెండు ప్లేట్లకీ ఒకేసారి అంటకూడదు.

4. ఎడమ కుడి బరువు తూచండి

బ్యాటరీ పెట్టి, కారు పరుగుకి సిద్ధంగా ఎలా ఉంటుందో అలా చేయండి. షెల్ అక్కర్లేదు. చాలా చాసిస్‌లకి ముందూ వెనకా మధ్యగీత మీద చిన్న గుంటలు ఉంటాయి. వాటి కింద రెండు మొనలు నిలబెట్టి కారుని తక్కెడలా ఆపండి. ఎటు వాలితే అటు బరువు ఎక్కువ. ముందు ఈఎస్‌సీని, రిసీవర్‌ని జరిపి చూడండి. అప్పటికీ కుదరకపోతేనే తేలిక పక్క 5 గ్రాముల ముక్కలు అంటించండి. బరువు ఎంత అంచుకి పెడితే అంత తక్కువ సరిపోతుంది. కానీ మరీ అంచున పెడితే మలుపుల్లో కారు బద్ధకిస్తుంది. అందుకే ప్లేటు సగం వెడల్పు దగ్గర పెడతాను.

5. డ్రూప్, రైడ్ హైట్, ఆ తర్వాతే ట్వీక్

ఈ వరస తప్పకండి. డ్రూప్ సమంగా లేకుండా ట్వీక్ చూస్తే లెక్క తప్పు వస్తుంది.

డ్రూప్ స్క్రూలతో ఎడమ కుడి ఒకే అంకెకి తెండి. షాక్‌లు, చక్రాలు మళ్లీ విప్పి, షాక్‌ల పొడవు కాలిపర్‌తో కొలవండి. ముందు రెండూ ఒకటే, వెనక రెండూ ఒకటే ఉండాలి. 0.2 మి.మీ. తేడా కూడా వదలొద్దు. షాక్‌లు బిగించి, చక్రాలు పెట్టి, కారుని నాలుగైదుసార్లు అదిమి వదిలి, రైడ్ హైట్ 5.2 మి.మీ. దగ్గర పెట్టుకోండి. మీ ట్రాక్ నియమాల్లో కనీసం ఇంతని ఉంటే దానికి తగ్గకూడదు.

ఇప్పుడు ట్వీక్. రోల్ బార్లు ఇంకా కలపొద్దు. సన్నటి కత్తి మొనని ముందు వైపు సరిగ్గా మధ్యగీత కింద పెట్టి నెమ్మదిగా ఎత్తండి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి పలకని వదలాలి.

కుడి ముందు చక్రం ముందుగా లేచిందనుకోండి. అందరూ ముందు షాక్ కాలర్ తిప్పుతారు. అది తప్పు. ముందు భాగం కత్తి మొన మీద ఉన్నప్పుడు కారుని పక్కకి వాల్చేది వెనక స్ప్రింగులు. కాబట్టి తప్పు వెనక ఉంది. వెనక కుడి కాలర్ కాస్త వదులు చేసి, వెనక ఎడమ కాలర్ అంతే బిగించండి. ఒకటే తిప్పితే రైడ్ హైట్ మారిపోతుంది. తర్వాత వెనక మధ్యలో ఎత్తి చూడండి. అక్కడ తేడా ఉంటే ముందు కాలర్లు సర్దాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. ఎడమ కాలర్‌కీ కుడి కాలర్‌కీ మధ్య ఒక చుట్టు కన్నా ఎక్కువ తేడా అవసరమైతే కాలర్లతో దాచిపెట్టకండి. 2, 3 మెట్లలో ఏదో మిగిలిపోయింది, వెనక్కి వెళ్లండి.

సరిపోయాక ఒక్కో రోల్ బార్ కలిపి పరీక్ష మళ్లీ చేయండి. బార్ కలపగానే తేడా వస్తే దాని ఒక లింకు పొడవుగా ఉంది. బార్‌ని పలక మీద పెట్టి చూడండి, రెండు కాళ్లూ ఆనాలి.

6. స్టీరింగ్ మధ్యకి

సర్వో హారన్ (సర్వో ఇరుసు మీది చిన్న చెయ్యి) విప్పండి. ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్, సబ్‌ట్రిమ్ (మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగులు) సున్నా. ఎండ్ పాయింట్లు (స్టీరింగ్ ఎంతదాకా తిరగాలో చెప్పే హద్దులు) రెండు వైపులా ఒకటే. కారు ఆన్ చేసి సర్వో మధ్యకి వచ్చాక హారన్ పెట్టండి. మధ్యలో ఉన్నప్పుడు హారన్‌కీ లింకుకీ మధ్య మీ మాన్యువల్ ఏ కోణం చెబితే అదే ఉండాలి, ఎక్కువ కార్లలో 90 డిగ్రీలు. 25 పళ్ల సర్వోలో ఒక పన్ను అంటే 14.4 డిగ్రీలు. అందుకే పన్నుల మీద కచ్చితంగా కుదరదు. దగ్గరి పన్ను మీద పెట్టి మిగిలింది సబ్‌ట్రిమ్‌తో సర్దండి. పెద్ద సబ్‌ట్రిమ్ వేసి సరిపెట్టుకుంటే ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ తిరుగుతుంది.

బెల్‌క్రాంక్ (సర్వో కదలికని అందుకునే మీట) నిటారుగా ఉందని చూసుకున్నాకే ట్రాక్ రాడ్‌ల (అక్కణ్ణుంచి చక్రాలని తిప్పే కడ్డీల) పని. రెండూ కాలిపర్‌తో ఒకే పొడవుకి తెండి. కారు నేరుగా పోవట్లేదని ఒక రాడ్ పొడవు పెంచి సరిపెట్టుకోవడం నేను చూసే తప్పుల్లో ముఖ్యమైనది.

టో అంటే చక్రాల ముందు కొసలు లోపలికి (టో-ఇన్) లేదా బయటికి (టో-అవుట్) తిరిగిన కోణం. దాన్ని కొలవడానికి పరికరం లేకపోతే రెండు స్కేళ్లని ముందు చక్రాల డిస్కులకి బయటివైపు ఆనించి, వాటి ముందు కొసల మధ్య, వెనక కొసల మధ్య దూరం కొలవండి. 30 సెం.మీ. స్కేళ్లతో 5 మి.మీ. తేడా వస్తే రెండు చక్రాలదీ కలిపి ఒక డిగ్రీ. ముందు మొత్తం సున్నా నుంచి 1 డిగ్రీ టో-అవుట్, వెనక ఒక్కో చక్రానికి 2 నుంచి 3 డిగ్రీల టో-ఇన్, క్యాంబర్ నాలుగింటికీ మైనస్ 2 దగ్గర మొదలుపెట్టొచ్చు.

చివరగా ఎండ్ పాయింట్లు. ఎడమకి పూర్తిగా తిప్పినప్పుడు ఎడమ చక్రం ఎంత తిరిగిందో, కుడికి తిప్పినప్పుడు కుడి చక్రం అంతే తిరగాలి. నకిల్ (చక్రంతో పాటు తిరిగే భాగం) వెళ్లి హబ్‌కి (దాన్ని పట్టే భాగానికి) కొట్టుకుని సర్వో గుర్రుమంటుంటే ఎండ్ పాయింట్ తగ్గించండి, లేదంటే సర్వో కాలిపోతుంది.

7. బంప్ స్టీర్

మలుపులో చాసిస్ కిందికి దిగినప్పుడు చక్రాలు వాటంతట అవి తిరిగితే బంప్ స్టీర్ అంటాం. షాక్‌ల స్ప్రింగులు తీసి, చాసిస్ కింద 5.2 మి.మీ. ఎత్తు పెట్టి టో కొలవండి. తర్వాత 3 మి.మీ. ఎత్తుకి దించి మళ్లీ కొలవండి. సర్వో ఆన్‌లోనే ఉంచండి. అంకె మారకపోతే చాలా మంచిది. మారితే నకిల్ మీది బాల్ స్టడ్ కింద 0.5 మి.మీ. షిమ్ వేసి కొలవండి. తేడా పెరిగితే షిమ్ తీయాలన్నమాట. రెండు వైపులా ఒకే మందం ఉండాలి. సర్వీసింగ్ తర్వాత ఒక షిమ్ బల్ల మీదే ఉండిపోవడం మామూలే, అందుకే విప్పే ముందు ఫోటో తీసుకోండి.

8. అకర్మన్

మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలన్నది గుర్రపు బళ్ల కాలం నాటి ఆలోచన. 1818లో లండన్‌లో రుడాల్ఫ్ అకర్మన్ పేరు మీద పేటెంటు వచ్చింది. మన కారు కొలతలకి లోపలిది 25 డిగ్రీలు తిరిగితే లెక్క ప్రకారం బయటిది 20 దగ్గర ఉండాలి. టైర్లు జారుతూ తిరిగే రేసులో అంత కచ్చితంగా అవసరం లేదు.

బెల్‌క్రాంక్‌లని కలిపే ప్లేటు మీద షిమ్‌లు ముందుకీ వెనక్కీ మార్చి దీన్ని సర్దుతారు. ఇరుకు మలుపుల పార్కింగ్ లాట్ ట్రాక్‌లో ఎక్కువ అకర్మన్, వేగపు మలుపులున్న కార్పెట్ ట్రాక్ మీద తక్కువ నాకు పనికొచ్చాయి. ఒకేసారి 0.5 మి.మీ. కన్నా ఎక్కువ మార్చకండి. మార్చిన ప్రతిసారీ టో మళ్లీ కొలవండి, అది తప్పకుండా కదిలి ఉంటుంది.

9. ఫలితం చూసే పద్ధతి

ట్రాక్ ల్యాప్ టైములతో తేల్చొద్దు. ఖాళీ చోట సుద్దముక్కతో 3 మీటర్ల అడ్డుకొలత వృత్తం గీయండి. ముగ్గుపిండి వద్దు, టైర్లకి అంటుకుని పట్టు పోతుంది. గీత మీద నెమ్మదిగా, ఒకే థ్రాటిల్‌తో ఎడమకి ఐదు చుట్లు, కుడికి ఐదు చుట్లు తిప్పండి. ట్రాన్స్‌మిటర్ మీది స్టీరింగ్ చక్రం ఎంత తిప్పి పట్టాల్సి వస్తోందో రెండు వైపులా పోల్చుకోండి. తర్వాత పూర్తిగా తిప్పి పట్టి వృత్తాల వెడల్పు అడుగులతో కొలవండి. నెమ్మదిగా ఉన్నప్పుడే తేడా ఉంటే 6వ మెట్టు తప్పింది. నెమ్మదిగా బాగుండి వేగంలో తేడా వస్తే ట్వీక్ మిగిలింది, 3వ మెట్టు నుంచి మళ్లీ చూడండి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే పక్కకి లాగితే ముందు డ్రైవ్‌షాఫ్టులు, బేరింగులు చూడండి.

రెండు వైపులా సమంగా వచ్చాక, అప్పుడు ఫ్లెక్స్ (చాసిస్ ఎంత వంగుతుందన్నది) మార్చుకోండి. తారు మీద పట్టు చాలకపోతే టాప్ డెక్ మధ్యలోని ఒక జత స్క్రూలు తీసి చాసిస్‌ని మెత్తబరచండి. కార్పెట్ మీద పట్టు ఎక్కువై కారు రెండు చక్రాల మీద లేస్తుంటే వాటిని తిరిగి పెట్టండి. ఎప్పుడూ జతగానే, ఎడమ ఒకటి తీస్తే కుడి ఒకటి. తీసిన స్క్రూ ఏ రంధ్రానిదో నోటుబుక్కులో రాసుకోండి. మీ కారు నాకు చూపించినప్పుడు నేను మొదట అడిగేది ఆ పేజీయే.